గానసభలో చప్పట్లు

(ఈ పట్టణపు గానసభ వార్షికోత్సవమున, కచ్చేరి ప్రారంభమునకు ముందు మేము గావించిన ప్రసంగపాఠము.)



కచ్చేరికి ముందు ఉపన్యాసమనిన శ్రోతలకు గల భయమును మే మెరుగుదుము. గాయకుడు తంబురా ప్రక్కన కూర్చుండి యెదురుచూచుచుండగా, శాలువలు, పూలదండలు, అధ్యక్షభాషణములు, వందన సమర్పణములు గంటలకొలది సాగి, తుదకు వర్ణము మొదలగునప్పటికి సగము సభ గృహోన్ముఖమగుట మనకు క్రొత్త గాదు. ఆ యపరాధమునే మేమును చేయుచున్నాము. అయినను నేడు మేము చెప్పదలచిన విషయము ఆ యపరాధమునకు దగ్గరి చుట్టము గావున మన్నింతురని నమ్మెదము. సంగీతసభలో శ్రోత యెట్లు మెలగవలెను, ఎప్పుడు చప్పట్లు చరువవలెను, ఎప్పుడు చరువరాదు అనునదే మా ప్రసంగము.

దేశమున నిన్ని సమస్యలుండగా చప్పట్లను గూర్చి పత్రికవాని కేమి పని యని యొక మిత్రుడు మమ్ము నెత్తిపొడిచెను. పని కలదు. ఈ వ్యసనమును వ్యాపింపజేసిన పాపమున పత్రికలకును భాగమున్నది. రాజకీయోపన్యాసములను ప్రకటించునప్పుడు వాక్యమునకు వాక్యమునకు నడుమ 'కరతాళధ్వనులు' అని అచ్చువేసి, చప్పట్లు పడని మాట మాటయే కాదను భ్రమను పాఠకులలో నాటినవారము మేమే. ఆ మాటనే చూడుడు. కరతాళమట! అందు తాళమను శబ్దమే కాని తాళమెక్కడ? ఐదువందల చేతులు ఐదువందల నడకలలో మ్రోగునట్టి దానికి తాళమని పేరు పెట్టిన మహానుభావు డెవడో గాని చమత్కారి యని యొప్పుకొనవలెను.

మొదట మా తప్పిదమును చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట నొక పట్టణమున — పేరేల? — ఒక విద్వాంసుని కచ్చేరికి పోయితిమి. శంకరాభరణ రాగాలాపన నిండుగా జరిగినది. ఆదితాళమున కీర్తన, నెరవు, స్వరకల్పనము అన్నియు ముగిసినవి. గాయకుడు మృదంగమువైపు తిరిగి నవ్వి చేయి చూపెను. తని ఆవర్తనము మొదలైనది. మృదంగము ముందు కూర్చున్నవాడు ఇరువదియేండ్లు నిండని బాలుడు. సభలో మూడవవంతు లేచినది. కుర్చీలు కిర్రుమన్నవి. కాఫీకి పోవువారు, గాలికి పోవువారు, ఫోను చూచుకొనువారు ద్వారమువైపు సాగిరి. మేమును లేచితిమి. కారణ మడిగిన నేమియు లేదు. లేచినవారిని జూచి లేచితిమి. ద్వారముకడ నొక్కసారి వెనుదిరిగి చూచునప్పటికి ఆ బాలుని కన్నులు మృదంగముమీద లేవు, పోవుచున్న మా వీపులమీద నున్నవి. వ్రేళ్ళు మాత్రము వాయించుచునే యున్నవి. నాలుగైదు నిమిషము లయినదో లేదో, అతడు గాయకునివైపు చూచి తల యూపి, ముక్తాయింపునకు వచ్చివేసెను. ఇరువది నిమిషములకు సిద్ధపడి వచ్చినదానిని నాలుగైదు నిమిషములలో ముగించెను. అప్పటికి బయటికి పోయినవారు తిరిగివచ్చిరి. వచ్చినవారే అందరికంటె బిగ్గరగా చప్పట్లు కొట్టిరి. వినని విద్యకు ఎంత యౌదార్యము!

ఆ బాలు డిప్పుడు పెద్దవాడై పేరు గడించినాడు. తరువాత నొకమారు మాటలాడు నవకాశము దొరికి, ఆ రాత్రి ద్వారముకడ నిలిచినవారిలో మేము నుంటిమని చెప్పుకొంటిమి. ఆయన నవ్వి, "అలవాటేనండి" అనెను. ఆ యొక్కమాట మమ్ము గుచ్చినంతగా ఏ విమర్శయు గుచ్చలేదు. పండ్రెండేండ్లు సాధన చేసిన వానికి మనము చేసిన యలవాటు అది.

తని ఆవర్తనమనగా విశ్రాంతి కాలమని భావించుట అజ్ఞానము. గంటన్నర, రెండుగంటలసేపు మృదంగ విద్వాంసుడు గాయకుని నీడవలె వెంబడించును. తన గొంతు పైకి రానీయక కీర్తనను మోయును. సభలో నతనికి స్వరాజ్యమున్నది ఈ యొక్క ఘట్టముననే. ఘటముగాని కంజీరగాని ఉన్నచో, వంతులవారీగా నొకరి జతిని ఇంకొకరు అందుకొని, ఆవర్తమును అర్ధావర్తముగా, అర్ధమును పాదముగా తగ్గించుకొనుచు, తుదకు ఇద్దరును కలిసి ముక్తాయింపునకు వత్తురు. ఆ ముక్తాయింపు ముమ్మారు వచ్చును. మూడవమారు దాని కడపటి దెబ్బ ఎక్కడ పడవలెనో చూడుడు. ఆదితాళమున కెనిమిది క్రియలు: ఒక దెబ్బ, మూడు వ్రేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. పాటయెత్తుగడ సమముననే యుండవచ్చును, అరక్రియ కడచియుండవచ్చును, ఒకటిన్నర కడచియుండవచ్చును. ఎక్కడ నున్నను మృదంగపు కడపటి దెబ్బ అక్కడికే వచ్చి వ్రాలవలెను. వ్రాలిన క్షణముననే గాయకుడు ఆ పాదము నెత్తుకొనవలెను. ఇన్ని నిమిషములు దారితప్పినట్లు తిరిగిన లెక్క యంతయు గడపలోనికి సరిగా కాలుపెట్టు క్షణమది. గణితము పాటయై మారు సంధి యది.

సరిగా ఆ క్షణముననే మనము చప్పట్లు కొట్టుదుము. గాయకుని యెత్తుగడ ఎవనికిని వినబడదు. ఎవనిని గౌరవింప బూనితిమో వాని గెలుపునే మన చేతులతో కప్పివేయుదుము. ఒక్క ఆవర్తము ఓర్చుకొనిన చాలును. విళంబమైనను పావు నిమిషమునకు మించదు. పాదము నొక్కమారు పాడనిచ్చి పిమ్మట చరచిన, ఆ చప్పట్లు మృదంగమునకును చెల్లును, పాటకును చెల్లును.

ఆలాపన విషయమును ఇట్టిదే. గాయకుడు రాగమును ముగించి యే స్వరముపై నిలిచెనో, వైణికుడుగాని, ఫిడేలు విద్వాంసుడుగాని ఆ స్వరము చల్లారకముందే దానిని పట్టుకొని తన రాగమునకు దారి తీయును. మన చప్పట్లు ఆ పట్టును తెంపును. పాపము, ఫిడేలువాడు రెండు మూడు సంగతులు చప్పుడులో పారబోసికొని, మూడవదానితో నిజముగా మొదలుపెట్టుట అభ్యాసము చేసికొనినాడు. మా యింటికి వచ్చిన యతిథి పలుకరించుచుండగా రేడియో పెంచినట్లున్నది మన మర్యాద.

ఇట్లనగానే కొందరు దేశాభిమానులు, "చప్పట్లు పాశ్చాత్యుల యాచారము, ఆ దురాచారమును సభలనుండి బహిష్కరింపుడు" అందురు. మేము దేశాభిమానమునకు విరోధులము కాము. కాని వాదము సరియైనది కాదు. పాశ్చాత్యుల కచ్చేరీలలో నేడు సింఫనీ భాగమునకు భాగమునకు నడుమ చప్పట్లు కొట్టరు. కొట్టినవానిని ప్రక్కవారు గ్రుడ్లురిమి చూతురు. ఆ మౌనమే వారి సనాతనధర్మమనుకొందుమా, అదియు కాదు. 1778లో మొజార్టు పారిసునగరమున తన సింఫనీని వాయింపించినప్పుడు, మొదటి భాగము నడుమనే సభ చప్పట్లతో మ్రోగినదనియు, ఆ చోట మెప్పు వచ్చునని తాను ముందే యెరిగి యట్లు వ్రాసితిననియు సంతోషముతో తండ్రికి జాబు వ్రాసినాడు. ఇక వాగ్నరు కథ మరియు వింతయైనది. 1882లో బైరాయిటునందు 'పార్సిఫల్' ప్రదర్శించినప్పుడు నడుమ నటులు తెరముందునకు వచ్చి నమస్కరించుట వలదని యతడు కోరగా, సభవారు చప్పట్లే నిషిద్ధమని తలచి ఊరకుండిరట. తరువాత నొక ప్రదర్శనమున నతడే యుబ్బి 'బ్రావో' అని యరవగా, అరచినవా డెవడో యెరుగని భక్తులు 'ఉస్సు' మని యతనినే యదలించిరట! తన దేవాలయమున తానే నోరు మూసికొనవలసి వచ్చిన దైవమును మరెచ్చటను చూడలేదు.

కావున చప్పట్లు వారివి, మౌనము మనది యనుటయు, మౌనము వారిది, 'శభాషు' మనది యనుటయు రెండును తొందరమాటలే. ఊరిని బట్టి గాక, పాటకు మేలు కలుగుచున్నదా కీడు కలుగుచున్నదా యను దానిని బట్టి ఆచారమును తూచవలెను.

మన పూర్వులు ఈ విషయమును ఆలోచింపలేదనుకొనరాదు. భరతముని నాట్యశాస్త్రమున ఇరువదియేడవ యధ్యాయ మంతయు సిద్ధిని గూర్చియే చెప్పినాడు. ప్రయోగము సఫలమైనదని తెలియుట యెట్లు? సిద్ధి రెండు తెరగులు: మానుషి, దైవి. మానుషియందు వాక్కు వలన కలుగునది కలదు, శరీరము వలన కలుగునది కలదు. చిరునవ్వు, నవ్వు, 'సాధు' అనుట, 'అహో' అనుట, శోకఘట్టమున 'కష్టము' అనుట, పెద్దపెట్టున మ్రోత. ఇవి వాక్కునకు సంబంధించినవి. గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, ఉత్తరీయములు, ఉంగరములు విసరుట. ఇవి శరీరమునకు సంబంధించినవి. వీనిలో వేనినిగాని ముని నిందింపలేదు. మనుష్యునకు సహజమని వ్రాసినాడు. ఇక దైవీసిద్ధి యెట్టిది? రంగమంతయు నిండియుండును, శబ్దముండదు, క్షోభయుండదు, ఉత్పాతముండదు. అంతే. జనులు లేక కలిగిన నిశ్శబ్దము కాదు, జనులు క్రిక్కిరిసియుండగా కలిగిన నిశ్శబ్దము. మే మీ భాగమును మొదట చదివినప్పుడు గ్రంథమును మూసి కొంతసేపు ఊరకుంటిమి.

ఆ నిశ్శబ్దము శాస్త్రమునందే కాదు, చెన్నపట్టణమునందును ఉండెడిది. వీణ ధనమ్మ (1867–1938) శుక్రవారపు సాయంకాలములందు జార్జిటౌనులోని తన యింట వీణ వాయించుచుండగా వినవచ్చిన విద్వాంసులు ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారు. యంత్రములు లేని ఆ గదిలో వీణానాదము ఎంత సన్ననిదో, వినువారి చెవి అంత సన్ననిదై యుండవలసి వచ్చెను. నేడు నాదమును యంత్రము పెద్దదిగా చేయుచున్నది, చెవి మొద్దుబారుచున్నది. పాల్ఘాటు మణి అయ్యరు (1912–1981) తన చివరి దశలో మైకులేనిదే వాయించెదనని పట్టుపట్టుట చాదస్తమని యప్పుడు కొందరు నవ్విరి. మృదంగపు కుడిమూతి మీటును, ఎడమమూతి గుమికిని యంత్రము నమలక యందింపలేదని ఆయన చెవి చెప్పినది. మైకు ధ్వనిని పెంచిన కొలది సభలో సంభాషణము పెరుగును. సంభాషణము పెరిగిన కొలది మైకు పెంచుదురు. ఈ పోటీలో ఓడునది గమకము.

అయితే సభ శవమువలె కూర్చుండవలెనని మా యభిప్రాయము కాదు. అట్టి సభయన్న గాయకునికి భయము. సంగతి యొకటి వినూత్నముగా పడినప్పుడు ముందువరుసలోని వృద్ధుడు తనకు తెలియకయే 'ఆహా' యనుట, 'భళా' యనుట చప్పట్లకంటె వేయిమడుగులు విలువ గలది. అది పాటలోనికి దూరి పాటతో కలిసిపోవును, అడ్డుపడదు. ఉత్తరదేశమున 'వాహ్వా', 'క్యా బాత్ హై' అను పలుకులును అట్టివే. మనలో నొక దోషమున్నది: తాళము వేయు రసికులు. తొడమీద మెత్తగా వేసికొనిన మేలే. తాళమును చేతబట్టుకొని విన్నవానికి వినికిడి రెట్టించును. కాని కొందరు తమ తాళము సభ కంతటికి తెలియవలెనని కుర్చీచేతిపై దరువు వేయుదురు. అందునను మిశ్రచాపునకు ఆదితాళము వేయువారు కలరు. ఆవర్తమున కేడు లెక్కలున్న చోట ఎనిమిది వేసిన, ప్రక్కవాని ప్రాణ మెటులుండునో వాని నడుగుడు.

చప్పట్లకు మరియొక శక్తి యున్నది. అది గాయకునికి పాఠము చెప్పును. తారస్థాయి షడ్జముపై గుక్క విడువక నిలిచినప్పుడు సభ మ్రోగినదనుకొనుడు. మరుసటి కచ్చేరిలో నా షడ్జము ఇంకను దీర్ఘమగును. స్వరకల్పన దుర్గతివేగమున పరుగెత్తినప్పుడు మ్రోగినదా, వేగము పెరుగును. నెమ్మదిగా నడిచిన యదుకులకాంభోజి కీర్తన కెవ్వరును చేయి కదల్చలేదు; అది యేటేట సన్నగిల్లి పట్టికనుండి జారిపోవును. గాయకుడును కుటుంబము గలవాడే, మరల పిలువబడవలెను. పూర్వము రాజు మెచ్చుకొనిన అగ్రహారమో కడియమో వచ్చును. దేవాలయమున పాడినవానికి వినువాడు దేవుడు. టిక్కెట్టు సభలు వచ్చిన పిమ్మట రాజు స్థానమున మనము కూర్చుంటిమి. 1927లో చెన్నపట్టణమున కాంగ్రెసు మహాసభతోపాటు అఖిలభారత సంగీతసభ జరిగి, దాని ఫలముగా మరుసటి యేట సంగీత అకాడమీ వెలసినది. అరియక్కుడి రామానుజ అయ్యంగారు (1890–1967) వర్ణముతో మొదలై, చిన్న కీర్తనలు, ప్రధాన రాగము, తని, తుకడాలు, మంగళమను క్రమమును స్థిరపరచి రెండున్నర మూడుగంటల కచ్చేరిని సామాన్య శ్రోతకు సుముఖముగా చేసిరి. ఆ సామాన్య శ్రోతయే నేటి పోషకుడు. పోషకుని రుచి చెడిన విద్య నిలుచునా? ఏది విని మన చేతులు లేచుచున్నవో రేపటి పిల్లలు అదే నేర్చుకొందురు.

తెలుగువారమగు మనకు ప్రత్యేకమైన బాధ్యత యొకటి కలదు. త్యాగరాజస్వామి (1767–1847) కావేరితీరమున కూర్చుండి మన భాషలో పాడినారు. తెలుగు మాతృభాష కాని శ్రోతలు చెన్నపట్టణపు సభలలో కీర్తనల పుస్తకమును తెరచుకొని, తమ లిపిలో మన మాటలను అనుసరించుచు వినుట మేము కన్నులార చూచినాము. మనకు మాటలు తెలియును, తెలియుటచే వినము. పల్లవి రాగానే ప్రక్కవాని చెవిలో అర్థము చెప్ప మొదలిడుదుము, లేదా పదచ్ఛేదము తప్పినదని విసుగుకొందుము. నెరవులో మాట నడుమ విరిచి యర్థమును నరకువారు కలరు, కాదనము. దానిని కచ్చేరి ముగిసిన పిమ్మట గాయకునితోనే మర్యాదగా చెప్పిన వినును. మేము రెండు మూడు మారులు చెప్పితిమి, విన్నారు. కాని సభలో గుసగుసలాడిన భాషాభిమానము వలన ఎవనికి లాభము? అన్నిటికంటె చిత్రమేమనగా, విరిచిన మాటకు సభలో చప్పట్లు కొట్టిన చేతులు మన తెలుగు చేతులే.

మిగిలినవి చిన్నవి, త్వరగా చెప్పివేసెదము. ఆలస్యముగా వచ్చినవారు పాట ముగియువరకు ద్వారముకడ నిలువవలెను. నిద్రించు శిశువు మేలుకొని యేడ్చిన తల్లి బయటికి తీసికొనిపోవుట యందరెరిగినదే. తల్లిని కన్నెర్రజేసి చూచు పెద్దలు తమ జేబులోని ఫోను మ్రోగినప్పుడు మాత్రము మూడు జేబులు వెదకికొనుచు మందహాసము చేయుదురు. ఆ యంత్రమును చేతబట్టి కచ్చేరి నంతయు చిత్రించువారి కొక ప్రశ్న: ఇంటికి పోయి చూతురా? వెనుకవాని కన్నులకు ఆ వెలుగు చాలు నేటికి. గౌరవనీయులగు అతిథులు ఆలాపన నడుమ విచ్చేసినచో, పాట నాపి దండ వేయించు కార్యదర్శుల విషయమున మా యభిప్రాయమును ఇచ్చట చెప్పము. ఈ సభ కార్యదర్శిగారు అట్టివారు కారు గనుక చెప్పవలసిన పనియును లేదు. మంగళము పాడుచుండగా చెప్పులు వెదకికొనుట మాత్రము చెప్పక తీరదు. సౌరాష్ట్రరాగ మంగళము రెండు మూడు నిమిషముల పని. రెండున్నర గంటలు కూర్చున్నవానికి ఆ రెండు నిమిషములలో ఏ బస్సు తప్పిపోవును?

ఎప్పుడు కొట్టవలెనో తెలియక కొట్టిన క్రొత్త శ్రోతను నవ్వుట మరియు పెద్ద తప్పు. 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనునందు బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము జరిగిన సభలో రవిశంకరు, అలీ అక్బరు ఖాను, అల్లా రఖా శ్రుతులు సరిచేసికొని నిలిపిరి. అదియే పాటయనుకొని అమెరికను యువకులు వేలకొలది చప్పట్లు కొట్టిరి. శ్రుతి కలుపుటయే మీ కింత నచ్చిన వాదన మరింత నచ్చునని ఆశింతునని రవిశంకరు నవ్వుచు పలికెను. ఆ మాటలో ఎకసెక్కెము లేదు, సభ నొచ్చుకొనలేదు; తరువాత నిశ్శబ్దముగా వినినది. క్రొత్తవానికి నేర్పు పద్ధతి యది. ఈ సభలో నేడు మొదటిసారి కచ్చేరికి వచ్చిన విద్యార్థులు వెనుకవరుసలలో నున్నారు. వారు పొరపాటున చరచిన పెద్దలు వెనుదిరిగి చూడవలదు. పెద్దలు సరియైన చోట చరచిన, వారు రెండవ కీర్తనకే పట్టుకొందురు.

నేడు మృదంగ సహకారము చేయుచున్న చిరంజీవి ఈ పట్టణమున మొదటిమారు వాయించుచున్నాడు. వేదికవెనుక ఇందాక చూచితిమి. చేతులకు సుద్దపొడి రాచుకొనుచున్నాడు. తని వచ్చునప్పటికి ఎనిమిదిన్నర కావచ్చును. కాఫీ కావలసినవారి కొరకు కార్యదర్శిగారు ఇప్పుడే, వెలుపలి వరండాలో, సిద్ధము చేయించియున్నారు. పది నిమిషముల వ్యవధి కలదు. ఫిడేలు విద్వాంసుడు శ్రుతి సరిచూచుకొనుచున్నారు. మేము మూడవ వరుసలో, ద్వారమునకు దూరముగా, స్థలము చూచుకొంటిమి. ఇక కూర్చుండెదము.